చూపే పెట్టె, పట్టే పెట్టె

రంజాన్ పండుగ గడిచిన మూడవ నాడు అస్ర్ నమాజు ముగించుకొని మేము మదరసా అరుగు మీద కూర్చుని ఉండగా, మా కొత్తపట్నం వీధిలోనే నివసించే ఒక సోదరి తన చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చారు. ఆమె చేతిలో విమానపు టపా కవరు ఉన్నది. రియాద్ నగరంలో కరెంటు పని చేస్తున్న కుమారుడు రాసిన ఉత్తరం. చదివించుకోవడానికి తెచ్చారేమో అనుకున్నాము. కాదు, కుమార్తె దానిని అప్పటికే నాలుగు మార్లు చదివి వినిపించినదట. హజ్ దినాలు ముగియగానే సెలవు మీద ఇంటికి రానున్న ఆ అబ్బాయి, “అమ్మీ, ఈసారి ఒక వీడియో తెస్తాను. ఎటువంటిది తేవాలో మౌల్వీ సాబ్‌ను అడిగి రాయించండి” అని రాశాడు.

అతడు మా వద్ద ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్న పిల్లవాడు. మాకు యంత్రాల జ్ఞానం ఉన్నదని కాదు అతని భావం. ఇంటిలోకి ఏది రావచ్చునో మా నోట వింటే తల్లి మనసు కుదుటపడుతుందని. బొమ్మల పెట్టె విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్న సంగతి ఈ శీర్షిక పాఠకులకు తెలుసు. ఆ చర్చను ఇక్కడ ఎత్తుకోము. ఆ ఇంటిలో టీవీ ఇదివరకే ఉన్నది, అడిగినది కొనుగోలు సందేహం. గల్ఫ్ దేశాలలో బిడ్డలున్న మరికొన్ని ఇండ్లవారు కూడా ఇదే ప్రశ్నను ఉత్తరాల ద్వారా వేసి ఉన్నారు. తెలియని దానికి తెలిసినట్లు జవాబు చెప్పడం మా వృత్తికి తగదు గనుక, రెండు మార్లు ఒంగోలు బస్సెక్కి వెళ్ళి, ఈ యంత్రాలను విప్పి బాగుచేసే ఒక మెకానిక్ వద్ద కూర్చుని అడిగి తెలుసుకున్నాము. ఆయన ఓపికగా చెప్పారు. మా ప్రశ్నలు ఆయనకు వింతగా తోచి ఉండవచ్చు.

ముందుగా మాట దగ్గరే చిక్కున్నది. జనం “వీడియో” అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు యంత్రాలు. ఒకటి వి.సి.పి., అంటే నిండిన క్యాసెట్‌ను చూపడానికి మాత్రమే పనికివచ్చేది. రెండవది వి.సి.ఆర్. ఇది చూపుతుంది, టీవీలో వచ్చే కార్యక్రమాన్ని ఖాళీ టేపు మీదికి పడుతుంది కూడా. వి.సి.ఆర్.లో టీవీలో ఉన్నటువంటి ట్యూనర్ ఒకటి విడిగా ఉంటుంది. యాంటెన్నా తీగ నేరుగా టీవీకి పోక ముందు దీనిలోకి వచ్చి, దీని నుండి టీవీకి వెళుతుంది. అందువలన టీవీ కట్టివేసి ఉన్నా ఇది తన పాటికి తాను కార్యక్రమాన్ని పట్టగలదు. వి.సి.పి.కి ఆ శక్తి లేదు. బయటికి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. ముందు భాగాన ఎర్ర చుక్క గుర్తుతో రికార్డు మీట ఉన్నదా లేదా అని చూసుకుంటే చాలు. ధరలో మాత్రం భేదం పెద్దది.

ఆ ధర భేదమే ఆ ఇంటిలో వాదానికి కారణమైనది. మరునాడు ఆ సోదరి అల్లుడు కూడా వచ్చి కూర్చున్నారు. ఆయన వాదం తేలికగా తోసివేయదగినది కాదు. “మౌల్వీ సాబ్, వి.సి.పి. చాలు. ఒంగోలులో అద్దెకు క్యాసెట్లు దొరుకుతాయి. మిగిలిన డబ్బు మరదలి పెళ్ళి ఖర్చుకు దాచవచ్చు. పట్టి దాచుకోవలసినంత గొప్ప సంగతులు దూరదర్శన్‌లో ఏమి వస్తాయి?” అన్నారు. మా వంటివారి ఏడాది జీతం పెట్టినా రాని వస్తువు గురించి ఆ మాట అనడంలో తప్పు లేదు. కాని ఆయన లెక్కలో ఒకటి తప్పిపోయినది. చూపే పెట్టెకు రోజూ మేత బయటి నుండే రావాలి. ఆ మేత అద్దె సినిమాలే. దినానికి ఇంత అని అద్దె కట్టుకుంటూ పోతే, మిగిలినదనుకున్న సొమ్ము రెండేళ్ళలో క్యాసెట్ల అంగడికి చేరుతుంది. ఆ క్యాసెట్లలో ఎన్ని న్యాయమైనవో కూడా తెలియదు. 1984లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం వీడియో క్యాసెట్ మీద తయారు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, సెన్సారు ధ్రువపత్రం వివరాలు ఉండి తీరాలి. అవి లేని నకిలీలతో వ్యాపారం చేసేవారికి ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలుశిక్ష, యాభై వేల రూపాయలకు తక్కువ కాకుండా జరిమానా ఉన్నవి. పెన్సిలుతో పేరు రాసిన అద్దె క్యాసెట్ ఇంటికి వచ్చినప్పుడు ఆ వివరాల కొరకు వెదికిన ఇల్లు ఏదైనా ఉన్నదేమో పాఠకులే చెప్పాలి.

మేము అల్లుడి గారికి జవాబు చెప్పక ముందే ఆ సోదరి నోరు విప్పారు. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైన నాటి నుండి ఫిబ్రవరి చివర అది ముగిసే వరకు ఆ ఇల్లు గడిపిన రాత్రులు మా వీధికంతకూ తెలుసు. కుమారుడున్నది రియాద్‌లో, ఆ నగరం మీద క్షిపణులు పడుతున్నాయని వార్తలు. ఫోను అందదు, ఉత్తరం రాదు. సాయంకాలమైతే ఇరుగుపొరుగంతా ఆమె ఇంటి టీవీ ముందు చేరేవారు. “ఒకనాడు నేను ఇషా నమాజులో ఉన్నాను. రియాద్ బొమ్మలు చూపించారట. నేను సలాం తిప్పి వచ్చేసరికి అయిపోయింది. చూసినవాళ్ళను అడిగితే ఒకరు మేడ కూలిందన్నారు, ఒకరు రోడ్డు మీద గుంట అన్నారు, మనవడేమో మామ కనబడ్డాడన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. మళ్ళీ చూపించు అని పెట్టెను అడగలేము కదా, మౌల్వీ సాబ్.”

అల్లుడి గారు ఆ తరువాత వి.సి.పి. మాట ఎత్తలేదు.

రికార్డరు ఎందుకు అన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు మాకు మెకానిక్ వద్ద కూడా దొరకలేదు. అది వేళను మార్చే యంత్రం. అమెరికాలో సినిమా కంపెనీలు ఈ యంత్రాన్ని అమ్మిన సోనీ సంస్థ మీద దావా వేసినప్పుడు, ఇంటిలో తీరిక వేళ చూసుకోవడానికి కార్యక్రమాన్ని టేపు చేసుకోవడం నేరం కాదని అక్కడి సుప్రీం కోర్టు 1984 జనవరిలో తీర్పు చెప్పినది. తొమ్మిది మంది న్యాయమూర్తులలో ఐదుగురు అటు, నలుగురు ఇటు. ఆ తీర్పులో వారు వాడిన మాటకు అర్థం కూడా ఇదే, వేళ మార్చుకోవడం. అక్కడివారికి ఆఫీసు వేళలు అడ్డం, మనకు నమాజు వేళలు, వంట వేళలు, పొలం వేళలు. దూరదర్శన్ గడియారానికి మన ఇంటిని కట్టివేయడం కంటె, దూరదర్శన్‌ను మన ఇంటి గడియారానికి తెచ్చుకోవడం మేలు అని మాకు తోచినది. టీవీని ఇంటిలో ఉంచుకున్నవారికే ఈ మాట. లేనివారిని కొనమని మేము చెప్పడం లేదు.

ఆ ఇంటిలో పట్టదగినది ఏమున్నదో లెక్క వేశాము. చిన్న కుమార్తె ఒంగోలులో ఇంటర్మీడియట్ చదువుతున్నది. యు.జి.సి. వారు 1984 ఆగస్టు నుండి దేశమంతటికీ ప్రసారం చేసిన చదువు కార్యక్రమాలు పగటి పూట వచ్చేవి. అవి ఇంగ్లీషులో ఉండేవి, డిగ్రీ వారికి ఉద్దేశించినవి, అయినా విజ్ఞానశాస్త్ర విషయాలు తనకు అర్థమవుతున్నవని ఆ అమ్మాయి అన్నది. సెలవు దినాలలో తప్ప ఆ వేళకు ఆమె ఇంటిలో ఉండదు. ఒక్కసారి విని అర్థం కాని ఇంగ్లీషు మాటను వెనుకకు తిప్పి మళ్ళీ వినే వీలు తరగతిలో కూడా లేదు. పుస్తకంలో ఒక వాక్యం బోధపడకపోతే మా విద్యార్థులు పది మార్లు చదువుతారు. ఆ సౌకర్యం బొమ్మకు కలిగించేది ఈ యంత్రమే.

మనవడి కోరిక టిపూ సుల్తాన్ ధారావాహిక. 1990లో మొదలైనప్పటి నుండి మా మదరసా పిల్లలు సైతం చీపురు పుల్లలతో కత్తులు తిప్పుతున్నారు. అది కల్పనతో కూడిన కథ అని ప్రసారానికి ముందు ప్రకటన వేసేవారు, చరిత్ర పాఠం కాదని పిల్లలకు మేమూ చెబుతూనే ఉన్నాము. దానిని తీస్తుండగా 1989 ఫిబ్రవరి 8న మైసూరులోని ప్రీమియర్ స్టూడియోలో మంటలు లేచి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి పిల్లలలో ఒక్కరికీ తెలియదు. టేపు చేసి దాచుకునేవారు ఇది కూడా తెలుసుకొని దాచుకోవాలి.

ఇక ఆ సోదరికి కావలసినది వేరు. కుమారుడు సౌదీ టీవీలో రంజాన్ తరావీహ్ నమాజును తన స్నేహితుని యంత్రంతో టేపు చేసి ఉంచాడు, రానున్న హజ్‌ను కూడా పడతానని రాశాడు. తాను వెళ్ళగలిగే దాకా అదైనా కళ్ళతో చూడాలని ఆమె ఆశ. అసలు చిక్కు ఇక్కడ వచ్చినది. గల్ఫ్ నుండి యంత్రాలు తెప్పించుకునే పాఠకులందరూ శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదే.

రంగుల బొమ్మను గాలిలోకి పంపే పద్ధతులు అప్పట్లో లోకంలో మూడుండేవి. మన దేశంలో వాడినది పాల్. అమెరికా, జపాన్‌లలో ఎన్.టి.ఎస్.సి. ఫ్రాన్సు వారిది సెకామ్. కువైట్, దుబాయి, మస్కట్‌లలో మనవలెనే పాల్. సౌదీ అరేబియాలో మాత్రం అప్పట్లో సెకామ్. అందువలన సౌదీలో టీవీ నుండి పట్టిన టేపును మన ఊరి పాల్ యంత్రంలో వేస్తే బొమ్మ నిలకడగానే ఉంటుంది, రంగు రాదు. మూడు పద్ధతులూ తెలిసిన “మల్టీ సిస్టమ్” యంత్రం తెస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఆ యంత్రం సెకామ్ టేపును చదివి సెకామ్ బొమ్మనే బయటికి పంపుతుంది. దానిని అందుకునే టీవీకి కూడా సెకామ్ తెలిసి ఉండాలి. అప్పట్లో మన దేశంలో అమ్మిన రంగుల టీవీలకు సాధారణంగా పాల్ ఒక్కటే తెలుసు. వేలు పోసి యంత్రం తెచ్చి, మక్కా బొమ్మ వెలవెలబోతున్నదని మెకానిక్ చుట్టూ తిరిగే ఇండ్లు ఉన్నాయని ఆయన చెప్పారు.

మేము ఈ సంగతిని కాస్త బాధగానే ఆ సోదరికి చెప్పాము. ఆమె టీవీ వైపు చూసి నవ్వారు. అది హైదరాబాదు ఇ.సి. కంపెనీ వారి పాత నలుపు తెలుపు పెట్టె. “కాబా మీది వస్త్రం నలుపు, హాజీల ఇహ్రామ్ తెలుపు. ఇంకే రంగు కావాలి, మౌల్వీ సాబ్?” అన్నారు.

రంగు చిక్కు ఆమెకు తీరినది గాని, అదే పాత పెట్టె వలన మరొక చిక్కు ఉన్నది. వి.సి.ఆర్. తన బొమ్మను టీవీకి ఒక చానలు మీద అందిస్తుంది. గల్ఫ్‌లో అప్పట్లో దొరికిన యంత్రాలలో అది తరచుగా యు.హెచ్.ఎఫ్. చానలు. మన పాత టీవీలలో చాలావాటికి వి.హెచ్.ఎఫ్. తప్ప రెండవది లేదు. అటువంటి టీవీకి ఈ యంత్రాన్ని కలిపితే వాన బొమ్మ తప్ప ఏమీ కనిపించదు. కనుక తెచ్చే యంత్రం వి.హెచ్.ఎఫ్. చానలు మీద కూడా ఇవ్వగలదా అని అంగడిలోనే అడగాలి, లేదా టీవీకి విడిగా వీడియో సాకెట్ ఉన్నదేమో చూసుకోవాలి. బ్రిటన్‌లో బంధువులున్నవారికి ఒక మాట. అక్కడ కూడా అప్పట్లో పాల్ పద్ధతే అయినా శబ్దాన్ని పంపే తీరు వేరుగా ఉండేది. అక్కడి అంగళ్ళలో అక్కడివారి కొరకు అమ్మిన యంత్రం మన దూరదర్శన్‌ను పట్టడానికి పనికివచ్చేది కాదు.

క్యాసెట్ రకం గురించి రెండు మాటలతో సరిపెడతాము. 1975లో సోనీ వారు బీటామ్యాక్స్ తెచ్చారు, 1976లో జె.వి.సి. వారు వి.హెచ్.ఎస్. తెచ్చారు. ఒకదాని క్యాసెట్ మరొకదానిలో పట్టదు. పోటీలో వి.హెచ్.ఎస్. గెలిచినది. 1988లో సోనీ వారే వి.హెచ్.ఎస్. యంత్రాలు చేయడం మొదలుపెట్టారు. మద్రాసు బర్మా బజారులో బీటా యంత్రం చవకగా వస్తున్నదని ఎవరైనా చెబితే, దానికి ఖాళీ క్యాసెట్ రేపు ఎక్కడ దొరుకుతుందో ముందు అడగండి.

కంపెనీ పేర్ల గురించి అడిగిన పాఠకులు మమ్మల్ని మన్నించాలి. మేము ఏ పేరూ చెప్పము. ఒంగోలులో విప్పి బాగుచేయగలవారు ఉన్న కంపెనీ ఏదో కనుక్కొని అదే తెప్పించుకోండి అన్నది మెకానిక్ మాట, మాకు న్యాయంగా తోచినది. కెమెరా మాదిరిగా నిలిపి చూపడం, నాలుగు వేగాలతో తిప్పడం వంటి హంగులకు డబ్బు పోయవద్దు. పోయవలసినది ఒక్క దానికి, టైమర్‌కు.

టైమర్ అంటే ఫలానా రోజు ఫలానా గంటకు తనంతట తాను లేచి, కార్యక్రమాన్ని పట్టి, మళ్ళీ నిద్రపోయే ఏర్పాటు. కాలేజీకి పోయిన అమ్మాయికి పాఠం దొరికేది దీని వలననే. అయితే దాని లోపలి గడియారం కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోయి వస్తే చాలా యంత్రాలలో గడియారం సున్నాల దగ్గరికి పోయి మినుకుమినుకుమంటూ ఉంటుంది, మనం చెప్పిన ఏర్పాటంతా చెరిగిపోతుంది. కరెంటు పోవడం మన ఊళ్ళలో వింత కాదు. 1990 మే నెల తుఫానులో మా ఊరు ఎన్ని రాత్రులు చీకటిలో ఉన్నదో మా వీధి పిల్లలు ఇప్పటికీ చెబుతారు. అంతటి విపత్తు అక్కరలేదు, పది నిమిషాల కోత చాలు టైమర్‌ను మరపించడానికి. కనుక లోపల బ్యాటరీ గాని, కరెంటు పోయినా కొంతసేపు జ్ఞాపకం నిలిపే ఏర్పాటు గాని ఉన్న యంత్రాన్నే తేవాలి. అంగడివాని ముందే గడియారం పెట్టించి, ప్లగ్గు లాగి, కొంతసేపటికి మళ్ళీ పెట్టి చూడాలి. ఇది అడగడానికి మొహమాటపడితే ఇంటికి వచ్చిన తరువాత మొహమాటపడి లాభం లేదు.

కరెంటు విషయంలోనే ఇంకొకటి. అప్పట్లో సౌదీలో చాలా ఇండ్లకు 127 వోల్టులు వచ్చేవి, మనకు 230. రెంటికీ పనికివచ్చే యంత్రాలకు వెనుక భాగాన చిన్న మీట ఉంటుంది. అక్కడ పరీక్షించి చూసి, దానిని అలాగే ఉంచి, ఇక్కడికి వచ్చి ఉత్సాహంగా ప్లగ్గు పెట్టినవారి యంత్రం మొదటి నిమిషంలోనే పొగ వదులుతుంది. మీట తిప్పవలసినది ప్రయాణపు మూట కట్టేటప్పుడే, ఇంటికి చేరిన సంబరంలో అది ఎవరికీ గుర్తుండదు. స్టెబిలైజర్ తప్పనిసరి. సాయంకాలం దీపాలు గుడ్డివై, రాత్రి పదకొండు దాటాక కళ్ళు చెదిరేటట్లు వెలిగే మా వీధివంటి చోట్ల అది లేకుండా ఈ యంత్రాన్ని పెట్టడం దానికి హాని చేయడమే.

యాంటెన్నా సంగతి మరువరాదు. గాలికి పక్కకు తిరిగిన యాంటెన్నాతో మసకగా వచ్చే బొమ్మను యంత్రం మసకగానే పడుతుంది. వచ్చిన దానికంటె మేలైనది టేపు మీద దొరకదు. కొనక ముందే ఎవరినైనా సరుగుడు కర్ర ఎక్కించి ఆ పని చేయించుకోవాలి.

క్యాసెట్ మీద ఇ-180 అని ఉంటే మన పద్ధతిలో 180 నిమిషాలు నడుస్తుందని అర్థం. టి-120 అని ఉన్నవి అమెరికా లెక్కవి, మన యంత్రంలో మూడు గంటలకు కొంచెం తక్కువగా నడుస్తాయి, పనికివస్తాయి. కొన్ని యంత్రాలలో సగం వేగంతో తిప్పి ఒకే క్యాసెట్ మీద రెట్టింపు పట్టే ఏర్పాటు ఉన్నది. పాఠాల వంటి వాటికి అది పొదుపే. కాని బొమ్మ నాణ్యం తగ్గుతుంది, ఆ ఏర్పాటు లేని యంత్రంలో ఆ టేపు సరిగా నడవదు. ఇతరులకు పంపదలచినది, ఏళ్ళ తరబడి ఉంచుకోదలచినది మామూలు వేగంలోనే పట్టాలి.

సముద్రం మాకు కూతవేటు దూరంలో ఉన్నది. తలుపు గొళ్ళాలు, సైకిలు చువ్వలు ఆ ఉప్పుగాలికి ఏమవుతాయో తీరప్రాంతం వారికి మేము చెప్పనక్కరలేదు. యంత్రాన్ని సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టరాదు, పని లేనప్పుడు గుడ్డ కప్పి ఉంచాలి, పని చేస్తున్నప్పుడు ఆ గుడ్డ తీసివేయాలి, లేకుంటే వేడెక్కుతుంది. టేపులను పుస్తకాల వలె నిలువుగా పెట్టి, పెట్టెతో సహా పొడి అలమారలో ఉంచాలి. వాడకుండా ఏడాది వదిలిన టేపు మీద తెల్లని బూజు పడుతుంది. అది యంత్రంలోకి పోతే బొమ్మను చదివే హెడ్డు పూడుకుపోతుంది, ఆ తరువాత వేసిన మంచి టేపు కూడా పాడవుతుంది. కొన్ని మాసాలకొకసారి మొదటి నుండి చివరి వరకు ఒకసారి తిప్పి ఉంచాలి. వానాకాలంలో చల్లని చోటు నుండి తెచ్చిన యంత్రాన్ని వెంటనే నడపక, ఒకటి రెండు గంటలు ఊరకే ఉంచాలి. లోపల పట్టిన తేమ ఆరాలి.

ఇక చెప్పవలసినది మా స్వంత నష్టం. దీనిని రాయడానికి మాకు మనసొప్పలేదు. కాని రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

1988 చలికాలంలో మా మదరసా వార్షిక జల్సాకు మాకు చదువు చెప్పిన ఉస్తాద్ గారు దయచేశారు. అప్పటికే ఆయనకు ఎనభై దాటినవి. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఒక యువకుడు అభిమానంతో వచ్చి, ఆయన బోధను మొదటి నుండి చివరి వరకు దాదాపు మూడు గంటలు తీసి, క్యాసెట్ మా చేతిలో పెట్టాడు. మరుసటి సంవత్సరం ఉస్తాద్ గారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆ క్యాసెట్‌ను మేము బట్టల పెట్టెలో దాచాము. మా ఇంటిలో యంత్రం లేదు. ఒకసారి దగ్గరి బంధువుల ఇంటిలో చూద్దామని తీసుకువెళ్ళి, చూసి, మరొకనాడు మళ్ళీ చూడవచ్చునని అక్కడే వదిలి వచ్చాము. దాని మీద పేరు రాయలేదు. మాకు తెలుసు గదా అది ఏమిటో, రాయడం ఎందుకనుకున్నాము.

క్రికెట్ ఆట వచ్చిన ఒక నాడు ఆ ఇంటి పిల్లవాడు ఖాళీ టేపు కొరకు వెదికాడు. పేరు లేని క్యాసెట్ కనిపించినది.

కొత్తది పట్టేటప్పుడు ఈ యంత్రం ముందు పాతదానిని పూర్తిగా తుడిచివేస్తుంది. రాతి పలక మీద బలపంతో రాసినది తడిగుడ్డతో తుడిచినట్లే, కింద ఏమీ మిగలదు. ఏ మెకానిక్ కూడా తిరిగి తేలేడు. అడిగి చూశాము. అప్పుడే మాకు ఆయన ఒక క్యాసెట్‌ను తిప్పి, వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్కను చూపించారు. దాచుకోదలచిన టేపు నిండగానే ఆ రెక్కను స్క్రూడ్రైవరుతో విరిచివేయాలి. రెక్క లేని క్యాసెట్ మీద యంత్రం రికార్డు చేయదు, మీట నొక్కినా ఒప్పుకోదు. ఎప్పుడైనా మనసు మారితే ఆ ఖాళీ మీద చిన్న టేపు ముక్క అంటిస్తే మళ్ళీ పట్టుతుంది. పైసా ఖర్చు లేని, రెండు క్షణాల పని. మేము చేయలేదు, ఎందుకంటే మాకు తెలియదు. మాకు తెలియదన్న సంగతి కూడా తెలియదు. ఆ పిల్లవాడు చాలా ఏడ్చాడు. తప్పు మాదని చెప్పి వాడిని దగ్గరకు తీసుకున్నాము.

ఆట క్యాసెట్ కంటె కొంచెం ముందుగా ముగిసినది. బొమ్మ ఒక్కసారి చెదిరి, బూడిదరంగు గీతలు పోయి, ఆ తరువాత ఉస్తాద్ గారు కనిపిస్తారు. నాలుగు నిమిషాలకు కొంచెం ఎక్కువ. ఆయన మాట ఆపి మంచినీళ్ళు అడుగుతారు. ఒక పిల్లవాడు గ్లాసు అందిస్తాడు. కుడిచేత్తో పట్టుకొని, కూర్చుని, మూడు గుక్కలలో తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ ఆ పిల్లవాడి పేరేమిటని అడుగుతారు. దుఆకు చేతులెత్తుతారు. అక్కడ టేపు అయిపోతుంది. మిగిలిన ఆ నాలుగు నిమిషాల క్యాసెట్‌కు రెక్క విరిచినాము. పేరు రాసినాము.

ఇదంతా తెలుసుకొని, కిందటి శుక్రవారం సాయంకాలం ఆ సోదరి ఇంటి వసారాలో కూర్చుని కుమారునికి జాబు రాశాము. ఆమె చెబుతుంటే మేము రాయడం, నడుమ అమ్మాయి సవరించడం. చూపేది కాదు, పట్టేది తేవాలి. వి.హెచ్.ఎస్. కావాలి. మన టీవీ పాతది కనుక వి.హెచ్.ఎఫ్. చానలు ఉన్నదా అని అడుగు. రేపు రంగుల టీవీ కొన్నా పనికివచ్చేటట్లు మల్టీ సిస్టమ్ అయితే మంచిదే, లేకపోయినా దిగులు లేదు. మన దూరదర్శన్‌ను పట్టగలదని అంగడివాని చేత రాయించుకో. టైమర్‌కు బ్యాటరీ చూడు, ప్లగ్గు లాగి చూడు. బయలుదేరేటప్పుడు వెనుక మీట 240 దగ్గరకు తిప్పు. ఖాళీ క్యాసెట్లు ఆరు, ఇ-180. ఇంగ్లీషు పుస్తకం పారవేయకు, చెల్లెలు చదువుతుంది. సుంకం ఎంత పడుతుందో ముందే తెలుసుకో, కట్టిన రసీదు దాచు. తరావీహ్ టేపుకు రెక్క ఈ రోజే విరిచివేయి.

ఇక అయిపోయినదా అని అడిగాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “ఇంకొకటి రాయండి, మౌల్వీ సాబ్. ముందుగా వచ్చేవాళ్ళ చేత పంపుతానన్నాడు. వద్దనండి. పగిలిపోతుంది. తానే చేత్తో పట్టుకొని రావాలని రాయండి” అన్నారు.

రాశాము. మరునాడు ఉదయం ఫజ్ర్ తరువాత నడిచి వెళ్ళి పోస్టాఫీసు డబ్బాలో వేసి వచ్చాము.